నాలుగో స్తంభానికి ఆనుకుని

మా ఇంటికి రెండు పేపర్లు వస్తాయి. ఎందుకండీ రెండు అని ఎవరైనా అడిగితే, "నిజం ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది" అని చెప్పడం అలవాటైపోయింది. ఉద్యోగమున్నంతకాలం జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి, ఎదుటివాళ్లు గౌరవంగా తలూపి ఊరుకుంటారు. అసలు సంగతి వేరు. ఒక పేపరు నాకు నచ్చిన పార్టీని మెచ్చుకుంటుంది, రెండోది దాన్నే దుమ్మెత్తిపోస్తుంది. మొదటిది చదివితే కడుపు నిండుతుంది, రెండోది చదివితే ఒళ్లు మండుతుంది. ఈ రెండూ జరిగితేగానీ నాకు తెల్లవారదు. మధ్యలో నిజం ఉందో లేదో ఏనాడూ వెళ్లి చూసిన పాపాన పోలేదు.

తెలుగునాట పేపరు చదివేవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఒకే సభ, ఒకే మైదానం, ఒకే సాయంత్రం. ఒకదాన్లో "పోటెత్తిన జనసంద్రం", ఇంకోదాన్లో "వెలవెలబోయిన సభ". ఇద్దరు ఫొటోగ్రాఫర్లూ అబద్ధమాడలేదు. ఒకాయన వేదిక ముందు నిలబడ్డాడు, రెండో ఆయన చివరి వరుస కుర్చీల వెనక నిలబడ్డాడు. నేను మొదటి ఫొటోని ఫోన్లో తీసి బంధువుల గ్రూపులో పెడతాను. రెండోది కూడా తీసి, "చూశారా వీళ్ల రాతలు!" అని అదే గ్రూపులో పెడతాను. నా ఆడపడుచు సరిగ్గా ఈ పనే తలకిందులుగా చేస్తుంది. మా ఇద్దరి చందా డబ్బులూ రెండు పేపర్లకీ అందుతున్నాయి కనుక, మా తగువు వల్ల నష్టపోయినవాళ్లెవరూ లేరు.

మా ఆయన పద్ధతి వేరు. మెయిన్ పేపరు ముట్టుకోరు. జిల్లా పేజీలు లాగేసుకుని వరండాలోకి పోతారు. కరెంటు కోత ఎన్ని గంటలకి, రేషను బియ్యం ఎప్పుడిస్తారు, ఎవరి దశదినకర్మ ఎక్కడ, అదీ ఆయన ప్రపంచం. 1989లో ఈనాడు జిల్లాకో టాబ్లాయిడ్ తెచ్చాక తక్కిన పేపర్లూ అదే బాట పట్టాయి. అప్పటిదాకా మద్రాసులోనో హైదరాబాదులోనో ఉండే వార్త అనే పదార్థం మన వీధి మొగదాకా నడిచొచ్చింది. దాని గొప్పతనం గురించి నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. ఇంట్లో మాత్రం ఆ పేజీలు కూరగాయల తొక్కలకి పనికొస్తాయని నా అభిప్రాయం.

ఒకరోజు పొద్దున ఆయన గ్లాసు పట్టుకొచ్చి, "కొళాయి నీళ్లు వాసనొస్తున్నాయి, పేపర్లో ఏమన్నా పడిందా?" అని అడిగారు. నేను సంపాదకీయం మధ్యలో ఉన్నాను. "అక్కడ రాజ్యాంగం ప్రమాదంలో పడితే మీకు కొళాయి గొడవా!" అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా వెళ్లి నీళ్లు కాచుకున్నారు. రాజ్యాంగానికి నేను చేసిన సాయం మాత్రం ఆ కేకతోనే సరి.

ఇక్కడ దూబగుంట సంగతి చెప్పకపోతే నా సిగ్గు పూర్తికాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు కొత్తగా అక్షరాలు కూడబలుక్కున్నారు. వాచకంలో, సారా వల్ల కాపురం గుల్లయిన ఇంటి గురించి ఒక పాఠం ఉంది. ఆ పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్లు పుస్తకం మూసి, ఊళ్లో సారా దుకాణం కూడా మూయించారు. ఆ మాట పేపర్లకెక్కింది, ఊరూరా పాకింది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పత్రికలు వాళ్ల పోరాటానికి పేజీలకు పేజీలు ఇచ్చాయి, అది వాటి గొప్ప. కానీ వార్త పుట్టింది పాఠకుల దగ్గర, అదీ నిన్న మొన్న చదువుకున్న పాఠకుల దగ్గర. వాళ్లు ఒక్క పాఠం చదివి దుకాణం మూయించారు. నేను ఎమ్మే చదివి, రోజూ రెండు పేపర్లు నమిలి, కారే కొళాయి ఒకటి కట్టేయించలేదు.

మా ఇంట్లో మూడో మాధ్యమం మా నాన్న. తొంభయ్యో పడిలో ఉన్నారు. ఆయన గదిలో న్యూస్ ఛానెల్ పొద్దున పాలు పొంగినప్పుడు మొదలై, రాత్రి దోమతెర దించేదాకా మోగుతుంది. చర్చలో నలుగురు ఒకేసారి అరుస్తుంటారు, కింద "బిగ్ బ్రేకింగ్" ఎర్రగా పరుగెడుతుంటుంది, నాన్న హాయిగా గురకపెడుతుంటారు. రిమోట్ నొక్కి ఆపామో, "చూస్తున్నాను కదమ్మా" అని లేచి కూచుంటారు. ఏం చూశారు నాన్నా అంటే, "వాడు వీణ్ణి భలే కడిగేశాడు" అంటారు. ఎవడు ఎవణ్ణి అన్నది ఆయనకీ తెలియదు, ఆ అరిచేవాళ్లకీ తెలియదు.

నవ్వులాటకి చెప్పడం లేదు. దేశంలో ఎవరు ఏ ఛానెల్ చూస్తున్నారో లెక్కగట్టే బార్క్ సంస్థ, 2020 నాటికి సుమారు 44,000 ఇళ్లలో మీటర్లు పెట్టి, ఆ లెక్కతోనే దేశం మొత్తాన్ని అంచనా వేసేది. ఆ ఏడాది అక్టోబరులో ముంబయి పోలీసులు, కొన్ని మీటరు ఇళ్లకి డబ్బులిచ్చి, చూసినా చూడకపోయినా ఫలానా ఛానెల్ పెట్టి ఉంచమన్నారని కేసు పెట్టారు. అది ఆరోపణే, ఆ కేసుని తర్వాత వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ దెబ్బకి న్యూస్ ఛానెళ్ల రేటింగులు ఏడాదికి పైగా, 2022 మార్చి దాకా ఆగిపోయాయి. అది చదివినప్పుడు నాకు చప్పున నాన్న గుర్తొచ్చారు. డబ్బులిచ్చి చూడని టీవీ నడిపించినవాళ్ల మీద కేసట. కరెంటు బిల్లు కూడా తామే కట్టుకుని, చూడని టీవీ నడిపే మా నాన్నలాంటి నిస్వార్థపరుల మాటేమిటి? అదృష్టవశాత్తు మా ఇంట్లో మీటరు లేదు. ఉంటే ఆ నలుగురూ ఇంకా గట్టిగా అరిచేవాళ్లు, దేశం నిద్రపోతూ మెచ్చుకుంటోందని వాళ్లకెలా తెలుస్తుంది?

డబ్బు మాట వచ్చింది కాబట్టి పేపరు ధర గురించి ఒక్క ముక్క. సెంటర్లో ఒక టీ తాగే డబ్బు పెట్టి పేపరు కొంటాం. ఆ డబ్బుతో ఆ కాగితం, ఆ ముద్రణ, అర్ధరాత్రి ఆటోల్లో రవాణా అన్నీ గిట్టవు. తక్కినది ప్రకటనలవాళ్లు, ఎక్కువ భాగం బంగారం కొట్లూ వెంచర్లూ ప్రభుత్వమూ పెట్టుకుంటాయి. అందుకే మొదటి పేజీ తీస్తే జాకెట్ యాడ్, అది తిప్పితే మళ్లీ మొదటి పేజీ. అప్పుడు నేను "ఛీ, అమ్ముడుపోయారు!" అంటాను. ధర అర్ధరూపాయి పెరిగిన రోజునా నేనే, "ఇలా అయితే ఒకటి మానేద్దామండీ" అంటాను. వాళ్లు నాకు అమ్ముడుపోవడానికి నేనేమిచ్చానో నన్నెవరూ అడగలేదు. పైగా నెలాఖరుకి పాత పేపర్ల అబ్బాయితో కిలోకి రూపాయి దగ్గర బేరమాడతాను. పేపర్లలో బజ్జీలు చుట్టొద్దని, సిరాలో విషపదార్థాలుంటాయని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో ఒకసారి, 2023లో ఇంకోసారి చెప్పింది. పేపర్లో విషముందని నేనెప్పట్నుంచో అంటున్నదే గదా అని సంతోషించి, అదే సాయంత్రం మిరపకాయ బజ్జీలు పేపర్లోనే కట్టించుకొచ్చాను. నాకు నచ్చిన పేపరే లెండి.

ఇప్పుడు అసలు నేరం దగ్గరికొస్తాను.

2009 ఎన్నికలప్పుడు పెయిడ్ న్యూస్ అనే మాట మన రాష్ట్రంలో మారుమోగింది. ఒకే పేపర్లో, ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ భారీ మెజారిటీతో గెలవబోయేవారు. డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనలే వార్తల చీర కట్టుకుని వచ్చాయి. ముందుగా దాన్ని పట్టుకున్నవాళ్లలో మన జర్నలిస్టుల సంఘమే ఉంది, పశ్చిమగోదావరి జిల్లాలో లెక్కలు తీసింది. ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి గారు ఊళ్లు తిరిగి, పేర్లతో సహా 71 పేజీల నివేదిక రాశారు. 2010లో కౌన్సిల్ ఆ నివేదికని పక్కనబెట్టి, పేర్లు లేని పొట్టి నివేదికతో సరిపెట్టింది. అసలుది బయటపెట్టమని మరుసటేడు కేంద్ర సమాచార కమిషన్ చెప్పాల్సొచ్చింది. నేను ఆ పేజీలన్నీ కత్తిరించి ఫైలు చేసి, సెకండియర్ పిల్లలకి చెప్పిందే చెప్పాను. "అమ్ముడుపోయిన వార్త, ఓటరు జేబు కొట్టినట్టే" అని బల్ల గుద్దిన రోజులున్నాయి.

తర్వాత కొన్నేళ్లకి నా పదవీ విరమణ వచ్చింది. మా పట్నంలో విలేకరిగా ఉన్న కుర్రాడు నా పాత విద్యార్థే. ఆ ఫైలు మీద నోట్సు రాసుకున్నవాడే. వాడికి పేపరు ఇచ్చేది, అచ్చయిన వార్తల పొడవు కొలిచి లెక్కగట్టి ఇచ్చే కాసిని డబ్బులు, తెచ్చిన యాడ్ల మీద కమిషన్. వాడు స్కూటరు స్టాండేసి, లోపలికొచ్చి, చేతులు నలుపుకుంటూ, "మేడం, చిన్న శుభాకాంక్షల యాడ్ ఒకటి ఇస్తే... పక్కన వార్త కూడా పడుతుంది. పైనుంచి టార్గెట్ పెట్టారండీ" అన్నాడు.

"తప్పు కదా నాయనా!" అన్నాను క్లాసు గొంతుతో. తర్వాత ఇంటి గొంతుతో, "ఎంత సైజు?" అన్నాను.

వాడు రాసుకొచ్చిన వార్త రెండు ముక్కలు. అధ్యాపకురాలు పదవీ విరమణ చేశారు, సహోద్యోగులు సన్మానించారు. అంతే. ఇది వార్తా, వినతిపత్రమా? పెన్ను నేనే తీసుకున్నాను. టీ పోసిన కుర్రాడితో కలిపినా హాలు సగం నిండని సభ, "కిక్కిరిసిన సభాప్రాంగణం" అయింది. ప్రిన్సిపాలు గారూ, ఆయన్ని బండి మీద తీసుకెళ్లడానికొచ్చిన బావమరిదీ కలిసి "పలువురు ప్రముఖులు" అయ్యారు. "విద్యార్థినులు కన్నీటిపర్యంతమయ్యారు" అన్నది మాత్రం అక్షరాలా నిజం. ఆ వారం హాస్టల్లో కళ్లకలక తిరుగుతోంది. నా సేవలు చాలవేమోనన్న సందేహంతో ఆఖర్న, "ఆమె విరమణ విద్యారంగానికి తీరని లోటు" అని కూడా తగిలించాను.

మర్నాడు ఆ ఆఖరి ముక్కనే తీసి శీర్షిక పెట్టారు. పక్కన దండ వేసిన నా ఫొటో. పొద్దున ఏడు కాకముందే మా ఆయన ఫోను మోగడం మొదలైంది. "ఎప్పుడు జరిగిందండీ? మొన్న బజార్లో కనబడ్డారే!" అని ఒకాయన. "ధైర్యంగా ఉండాలి బావగారూ" అని ఇంకొకరు. మా ఆయన చాలా ఓపికగా, "లేదండీ, లోపల ఉప్మా చేస్తోంది" అని ఒక్కొక్కరికీ చెప్పుకున్నారు. ఒకాయన నమ్మలేదు, పేపర్లో పడ్డాక ఉప్మా ఎలా చేస్తుందని.

నేను సవరణ వేయమని అడగలేదు. సవరణలు పేపర్లో ఏ మూల, ఎంత చిన్న అక్షరాల్లో వేస్తారో నాకు తెలుసు. చనిపోలేదన్న వార్త చీమ తలకాయంత అక్షరాల్లో రావడం కన్నా తీరని లోటుగా ఉండిపోవడమే మర్యాద అనిపించింది.

ఇక వాట్సాప్ పుకార్ల విషయంలో నాకు వంశపారంపర్య దోషముంది. 1979 జులైలో అమెరికావాళ్ల స్కైలాబ్ మన నెత్తినే పడుతుందని ఊళ్లు ఊళ్లు వణికాయి. మా నాయనమ్మ, ఎలాగూ పోతున్నప్పుడు కోళ్లని ఎవరికొదలాలని వరసబెట్టి కూర వండేసింది. స్కైలాబ్ పోయి ఆస్ట్రేలియాలో పడింది, కోళ్లు మా కడుపుల్లో పడ్డాయి. గుడ్లు పెట్టే పెట్ట కూడా పోయిందని ఆవిడ ఆ తర్వాత బతికినంతకాలం పేపరువాళ్లని తిట్టింది. ఆవిడకి చదువు రాదు, పేపరు చూడనే లేదు. చదువొచ్చిన నేను 1995 సెప్టెంబరు 21న, వినాయకుడు పాలు తాగుతున్నాడంటే, కాలేజీకి సెలవు పెట్టి, స్పూను పట్టుకుని గుళ్లో వరసలో నిలబడ్డాను. పరిశీలన కోసమని స్టాఫ్‌రూములో చెప్పుకున్నాను.

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని ఒక ఆడియో వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే అపార్ట్‌మెంట్ గ్రూపులో పడేశాను. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి, "అమ్మా, అది అబద్ధం. తిరుగుతున్న వాటిలో ఒక వీడియో అయితే కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం, చివర్న హెచ్చరిక కత్తిరించేశారు" అని చెప్పింది. నేను ఏమన్నానంటే, "ఏమోనే, జాగ్రత్తగా ఉండడం మంచిదే కదా." ఆ మే నెలాఖరులోనే హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని, పిల్లల్ని ఎత్తుకుపోయేదనుకుని గుంపు కొట్టి చంపింది. ఆ గుంపులో ప్రతివాడూ జాగ్రత్తపరుడే. గద్వాల వైపు మాత్రం అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి, పోలీసుల్నీ కళాకారుల్నీ ఊళ్లకి పంపి, డప్పు వేయించి, పాటలు పాడించి ఆ పుకారుని చంపారు. ఊళ్లోకొచ్చి ఎదురుగా నిలబడి చెప్పిన మనిషి మాట జనం విన్నారు. జులైకల్లా వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజిని ఐదు చాట్లకి మించి ఒకేసారి పంపకుండా కళ్లెం వేసింది. నా భావప్రకటనా స్వేచ్ఛ మీద దాడి అని నేను గింజుకున్నాను. పత్రికలకని రాజ్యాంగంలో ప్రత్యేకమైన హక్కేదీ లేదు, 19వ అధికరణలో పౌరులకున్న హక్కే పత్రికలదీ అని ఏటా పాఠం చెప్పినదాన్నే. హక్కు ఇద్దరికీ ఒకటే అయినప్పుడు, పంపేముందు కనుక్కోవాల్సిన పని కూడా ఇద్దరిదీ అవుతుందని పరీక్షలో అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు.

పేపర్లు రాయవు అని తిడతాం. రాస్తే? భోపాల్‌లో రాజ్‌కుమార్ కేస్వానీ అనే విలేకరి, తన చిన్న వారపత్రికలో 1982లోనే, యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ వల్ల ఈ నగరం వల్లకాడవుతుందని రాశాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ రాశాడు. 1984లో పెద్ద పేపర్లోనూ రాశాడు. ఆ డిసెంబరులో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఆ పత్రికలు కొన్నవాళ్లు భోపాల్లో ఉన్నారు. మడిచి పక్కన పెట్టుకుని ఉంటారు, నాలాగే, సంపాదకీయం మధ్యలో.

ప్రెస్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసే హక్కు ఏ పాఠకుడికైనా ఉంది. ముందు ఎడిటర్‌కి రాయాలి. పట్టించుకోకపోతే, దినపత్రిక అయితే రెండు నెలల్లోపు కౌన్సిల్‌కి రాయాలి. కౌన్సిల్ జరిమానా వేయలేదు, మందలించగలదు, అంతే. అయినా మందలింపు ఊరికే పోదు. ఈ పద్ధతంతా నాకు కంఠతా వచ్చు. పోపు వేగుతుండగా మనసులో నేను రాసిన ఫిర్యాదులు అచ్చేస్తే ఒక సంపుటమవుతుంది. నిజంగా పోస్టు చేసింది ఒక్కటే ఉత్తరం. ఒక శీర్షికలో "ణ" రావాల్సిన చోట "న" పడిందని. దాన్ని అచ్చువేసి, క్షమాపణ కూడా చెప్పారు. ఆ వార్తలో చెప్పిన అంకెలు తప్పని మా ఆయన అన్నారుగానీ, వాటి జోలికి నేను పోలేదు.

మొన్న ఆ విలేకరి కుర్రాడే ఫోన్ చేశాడు. "తాతగారికి తొంభై నిండుతున్నాయటగా మేడం..." అని నసిగాడు.

ఈసారి గట్టిగా ఉన్నాను. "వద్దు బాబూ. మనింట్లో పుట్టినరోజు ఊరికి వార్త కాదు. అసలైన వార్తలు రాయి. మా వీధిలో కొళాయి నీళ్లు వాసనొస్తున్నాయి, అది రాయి" అన్నాను.

"అది రాశాను కదా మేడం" అన్నాడు వాడు అమాయకంగా. "మంచినీళ్ల గొట్టం మురుగుకాలవలోంచి పోతోందండీ. ఫొటోతో సహా పంపాను. స్థలం చాలక డెస్కులో తీసేశారు. మీ రిటైర్మెంట్ వచ్చింది చూడండి, ఆ చోట్లోదే."

నాకు కాసేపు మాట రాలేదు. "మరి మళ్లీ పంపకపోయావా?"

"నాలుగైదుసార్లు పంపానండీ. మీరు తాతగారిది క్వార్టర్ పేజీ యాడ్ ఇచ్చారనుకోండి, ఆ పేజీ మా జోనుకే ఉంటుంది. పక్కన దీన్ని పట్టించమని డెస్కుని బతిమాలతాను."

ఇచ్చాను. కలర్‌లోనే ఇచ్చాను.

ఆదివారం పేపరొచ్చింది. సగం పేజీ ఎత్తున పట్టుపంచె కట్టుకుని మా నాన్న, ఆయన పక్కనే రెండంగుళాల్లో నలుపు తెలుపులో మా వీధి గొట్టం. సోమవారం మధ్యాహ్నానికి గునపాలతో మనుషులొచ్చారు. మా ఆయన గొడుగేసుకుని వాళ్ల పక్కన నిలబడ్డారు. నాన్న మాత్రం ఆ రోజు టీవీ పెట్టలేదు. భూతద్దం పట్టుకుని ఆ పేజీ ఆసాంతం చదివి, నన్ను పిలిచారు.

"నా ఫొటో పక్కన మురుగుకాలవ పెట్టిన ఆ ఎడిటరెవడమ్మా? నంబరియ్యి, నేనే మాట్లాడతాను."